మా బావిలో తెల్లనీళ్లు, మావయ్య పటికముక్క

ఆ రోజుల్లో భిలాయిలో తెలుగు ఆడవాళ్లు ఇద్దరు ఎదురుపడితే ముందు పిల్లల సంగతి అడిగేవారు కాదు, నీళ్ల సంగతి అడిగేవారు. "మీకు నీళ్లెలగున్నాయమ్మా?" అంటే "మీ బతుకెలగుంది?" అని అడిగినట్టే. సెక్టారు క్వార్టర్లలో ఉన్నవాళ్లయితే ఆ మాట అడిగించుకోవడానికే పనిగట్టుకుని ఎదురొచ్చేవారేమో అని నా అనుమానం. వాళ్లకేం, ఉక్కు ప్లాంటువాళ్ల కుళాయి. పొద్దుటా సాయంత్రం టైముకొచ్చే నీళ్లు. గాజుగ్లాసులో పోస్తే గ్లాసు ఖాళీగా ఉందేమో అనుకునేంత తేట. ఇప్పుడు ఎవరింట్లో చూసినా గోడకి తగిలించిన నీళ్ల మిషను ఉంది కాబట్టి ఆ ప్రశ్నే పోయింది. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. రాయడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో ఆ అయిదు తరగతుల్లో ఎవరూ నేర్పలేదు. అయినా ఈ ఒక్క సంగతీ ఇవాళ రాసి తీరాలి. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

తొంభైల మొదట్లో, నాకు ఇరవయ్యేళ్లప్పుడు, శ్రీకాకుళం వైపు పల్లెనుంచి కోడలిగా భిలాయి వచ్చాను. నాతో వచ్చినవి ఒక రేకుపెట్టె, అత్తవారికి భయపడి దాచుకున్న నోరు, మా మామ్మ గుడ్డలో మూటకట్టి ఇచ్చిన గుప్పెడు చిల్లగింజలు. (మా ఊళ్లో ఏటినీళ్లు బురదగా వస్తే ఆ గింజని సానమీద రెండు చుక్కల నీళ్లతో అరగదీసి, ఆ గంధాన్ని బిందెలో కలిపేవాళ్లం. పూటలో మడ్డి అడుక్కి దిగి నీళ్లు తేరుకునేవి.) "దేశం కాని దేశం ఎల్తన్నావు, నీళ్లెలగుంటాయో ఏటో" అని మా మామ్మ భయం. మిగతా చుట్టాలందరూ చీరలు పెడితే ఆవిడ గింజలు పెట్టింది. చీరలన్నీ ఎప్పుడో చిరిగి మసిగుడ్డలైపోయాయి.

మా మావయ్య భట్టీలో, అంటే ఇనుము కరిగించే పెద్ద కొలిమిలో, ముప్పయ్యేళ్లు చేసి అప్పుడే రిటైరయ్యారు. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అందుకని వైశాలి నగర్‌లో రెండు గదుల ఇల్లు, పెరట్లో ఒక బావి కట్టించారు. ఇల్లు మేస్త్రీ కట్టాడు గానీ బావి మాత్రం మావయ్యదే. తవ్వేవాళ్లతో పాటు తనూ దిగి, తట్ట అందించి, వరలు దింపించి, గిలకకి తనే నూనె పెట్టారు. ముప్పయ్యేళ్లు నిప్పు దగ్గర నిలబడ్డ మనిషికి పెరట్లో నీళ్లుండాలని ఆశ. అంతే. తనకంటూ ఆయన కోరుకున్నది ఇంకేదీ నేను చూడలేదు.

నీళ్లు పడ్డాయి. తెల్లగా పడ్డాయి. బియ్యం కడిగిన కుడితిలా, గ్లాసులో పోస్తే అవతల వేలు కనపడకుండా. "కొత్త బావి కదా, తేరుకుంటది" అన్నారు మావయ్య. వారమైంది, నెలైంది, రెండో నెల కూడా వచ్చింది. మా ఆయన నల్లపేంటు ఉతికి ఆరేస్తే బూడిదరంగు పేంటు తీసి మడతపెట్టేదాన్ని. అన్నం వారిస్తే ఏది గంజో ఏది నీళ్లో తెలిసేది కాదు. క్వార్టరు కుళాయి వదిలి వచ్చినందుకు మా అత్తగారు అప్పటికే మైలలో ఉన్నట్టు ఉండేవారు. దానికితోడు ఈ నీళ్లు.

"పాలలాగున్నాయి కదే, ఏటి తప్పు?" అనేవారు మావయ్య.

"అయితే పాలవాడిని మానిపించీండి" అనేవారు అత్తయ్య.

ప్రతి ఆదివారం మావయ్య పాత దోస్తులు నలుగురైదుగురు వచ్చేవారు. వచ్చి, బావి చుట్టూ నిలబడి, మనిషికో మందు చెప్పేవారు. ప్లాంటులో ఎవరు ఏ షాపులో, అంటే ఏ విభాగంలో, పని చేస్తే ఆ షాపు వైద్యమే. భట్టీలో చేసినాయన బాగా మరిగించమనేవాడు. క్రేను నడిపినాయన "చేదని ధడాలున దించొద్దు భాయ్, అడుగు కదిలిపోతుంది" అనేవాడు. (ఉన్నవాటిలో అదొక్కటే బుర్రున్న మాట. ఎవరూ వినలేదు.) వాళ్లలో మా అందరికీ గురి కుదిరిన మనిషి ఫిల్టరు బాబాయి. ప్లాంటులో నీళ్లు శుభ్రం చేసే ఫిల్టరు హౌసులో పనిచేసి రిటైరైన మనిషి, మాకు విజయనగరం వైపు చుట్టం. ఆయన గ్లాసు ఎండలోకి ఎత్తి చూసి, పెదవి విరిచి, "సన్నటి మట్టి బావా, దానంతటది దిగదు. దింపాలి" అనేవారు. ఎలా దింపాలో చెప్పేలోపు టీ వచ్చేసేది.

నేను మాత్రం ఎవరికీ చెప్పకుండా మామ్మ గింజలతో రోజుకో బిందె తేర్చేదాన్ని. తేరిన నీళ్లు పైనుంచి వంచుకోగా అడుగున తెల్లటి మడ్డి, వేలితో తీస్తే వెన్నలా వచ్చేది. దాన్ని పెరటి గోడవతల పారబోస్తుంటే ఒకరోజు పక్కింటి ఛత్తీస్‌గఢీ దీదీ పరుగెత్తుకొచ్చింది. "కా కరత్ హస్ ఓ! ఛుయీ ఫెంకత్ హస్?" అని. ఏం పని చేస్తున్నావే, ఛుయీ మట్టి పారబోస్తున్నావా అని తిట్టు. పండగకి వాళ్లు గోడలకి తెల్లగా పూసుకునే మట్టి అదేనట. దానికోసం తట్ట పట్టుకుని ఎంత దూరమో వెళ్లి తవ్వుకొస్తారట. ఆ రోజునుంచి ఆ మడ్డి పారబొయ్యలేదు. పాత డాల్డా డబ్బాలో కూడబెట్టాను. పనికొచ్చేది పారబొయ్యడమంటే నాకు చిన్నప్పటినుంచీ కడుపునొప్పి. (ఇప్పటికీ అంతే. మా ఇంట్లోవాళ్లు దీన్ని వేరే పేరుతో పిలుస్తారు. పిలవనీండి.)

రెండో నెల చివర్లో మా ఆయన ఒక సాయంత్రం డ్యూటీనుంచి వచ్చి సైకిలు స్టాండు వేస్తూనే చెప్పేశారు. "భిలాయి-3 దగ్గర బోరు లారీ వాడితో మాటాడీసాను. సోమవారం వస్తాడు. బోరు వేసి, ఆ బావి రాళ్లతో కప్పీడమే. ఎందుకది, దోమలకి."

మావయ్య, భట్టీ పక్కన అరిచి అరిచి మామూలు మాట కూడా వీధి చివరికి వినిపించే మనిషి, లేచి వెళ్లి బావిగట్టు మీద కూర్చున్నారు. గిలకతాడు చివర పురి విప్పి మళ్లీ పేనడం మొదలుపెట్టారు. అది చూడలేక, ఆ ఇంటికొచ్చి నాలుగు నెలలైనా గట్టిగా నోరెత్తని నేను, వంటింటి గుమ్మంలోనుంచి అనేశాను. "ఆదివారంలోగా నీళ్లు నేను తేర్చి చూపిస్తాను మావయ్యా."

అత్తయ్య చేతిలో గరిట ఆగింది. నన్ను కిందినుంచి పైకి ఒకసారి చూశారు. "బాగుంది. ఫిల్టరు హౌసు మా ఇంట్లోనే ఉందని తెలీనేదు" అన్నారు. తర్వాత మావయ్యకి వినపడేలా పంచాయితీ తీర్పు చెప్పినట్టు చెప్పారు. "ఆదివారం మీ దోస్తులొస్తారు కదా. ఈ బావి నీళ్లతోనే టీ పెడతాను. వాళ్లు తాగి బాగుందంటే బావి ఉంటది. నేదంటే సోమవారం లారీయే. మరి నన్నేటీ అనొద్దు."

మావయ్య తాడు వదిలి నావైపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ గుర్తే. పసిపిల్లాడు జాతరలో పీపీ కొంటామంటే చూసే చూపు.

మాట ఇచ్చేశాక లోపలికెళ్లి గుడ్డమూట విప్పి చూశాను. రోజూ బిందె తేర్చడంతో గింజలన్నీ అయిపోయి, ఒకే ఒక్కటి మిగిలింది. అత్తయ్య టీ పెట్టేదేమో ఇత్తడి గంగాళంలో నీళ్లతో. అది మూడు నాలుగు బిందెలు పట్టేది, ఆవిడ పుట్టింటినుంచి తెచ్చుకున్నది, స్నానం చేయకుండా ఎవరూ ముట్టకూడనిది. ఒక్క గింజ దానికి ఏ మూలకి? ఆ మాటే గురువారం ఫిల్టరు బాబాయి స్కూటరు మీద అటుగా వస్తే రహస్యంగా అడిగాను. "పటిక వెయ్యమ్మా" అన్నారు ఆయన. "మేం బస్తాలు బస్తాలు వేసేవాళ్లం. ఇంట్లో అయితే ఏటీలేదు, ముక్క చేత్తో పట్టుకుని నీళ్లలో ఏడు చుట్లు తిప్పి తీసీయాలి. ఏడే! ఎనిమిదో చుట్టు తిప్పకు."

పటిక బజార్లో దొరుకుతుంది. కానీ ఇంట్లో ఉన్న వస్తువు మళ్లీ కొనడం ఎందుకు? మావయ్య గెడ్డం సామాను ఉండే కిటికీలో అరచేతంత పటికరాయి ఉంది. గెడ్డం గీసుకున్నాక ఆయన తడిపి చెంపలకి రాసుకునేది, ఎన్నేళ్లనుంచి వాడుతున్నారో గానీ రెండు పక్కలా నున్నగా అరిగి చెంప ఆకారానికి వచ్చేసింది. ఇదీ పటికే, అదీ పటికే. శనివారం సాయంత్రం దాన్ని తీసుకుని మూడుసార్లు కడిగాను, ఒకసారి పసుపు కూడా రాసి కడిగాను. (ఇంత శుద్ధి చేశాక ఇంకేం దోషం అని ఇరవయ్యేళ్ల బుర్రకి తోచింది. యాభై దాటిన బుర్రకి ఇప్పుడూ అలాగే తోస్తోంది, అది వేరే సంగతి.) మిగిలిన ఆఖరి చిల్లగింజని అరగదీసి ఒక బిందెలో కలిపి, మర్నాటి వంటకని మూలన మూతపెట్టాను. తర్వాత స్నానం చేసి, తడిజుట్టుతో వెళ్లి, గంగాళం మీద వంగి, పటిక ముంచి తిప్పడం మొదలుపెట్టాను.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో చుట్టులో వెనకనుంచి "ఏటే సేస్తన్నావు?" అని అత్తయ్య గొంతు. గబుక్కున వెనక్కి తిరిగాను. తడిసిన పటిక సబ్బుబిళ్ల కన్నా జారుడని అప్పుడే తెలిసింది. చేతిలోంచి జారి బుడుంగున అడుక్కి పోయింది. "ఏటీలేదత్తయ్యా, మూత పెడతన్నాను" అని మూత పెట్టేశాను. ఆవిడ పీట లాక్కుని సరిగ్గా గంగాళం పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టారు. అరగంట చూశాను. చిక్కుడుకాయలయ్యాక బియ్యంలో రాళ్లు. బియ్యమయ్యాక పిల్లి వస్తుందని మూతమీద రుబ్బురోలు పొత్రం ఎత్తి పెట్టి, పక్కనే చాప వేసుకున్నారు. ఇక నేనేం చెయ్యగలను? ఏడు చుట్లకి బదులు పన్నెండు గంటలు నానింది.

ఆదివారం పొద్దున్న మూత తీసిన అత్తయ్య కేకకి ఇల్లంతా వంటింట్లోకి వచ్చింది. గంగాళం లోపలి పక్కన ఉన్న నగిషీ పువ్వు రేకరేకా కనిపిస్తోంది. నీళ్లున్నాయో లేవో వేలు పెట్టి చూసుకోవాల్సినంత తేట. నేను మాత్రం పువ్వు చూడలేదు, అడుక్కి దిగిన తెల్లమడ్డిలో పటిక కోసం చూశాను. కనపడలేదు. మావయ్య గ్లాసు ముంచుకుని గటగటా తాగారు. తాగి, నాలుక అంగిట్లో ఒకసారి తిప్పి, "కాస్త వగరు తగుల్తంది. పచ్చి ఉసిరికాయ తిన్నట్టు. అదేనే అసలు బావినీళ్ల రుచి! కుళాయినీళ్లకి రుచేటుంది?" అన్నారు. ఆ సంబరంలోనే గెడ్డం గీసుకోవడానికి వెళ్లారు.

పావుగంటలో కిటికీ దగ్గర్నుంచి కేక. "ఏటే, నా పటిక ఏదే?"

"మీ పటిక నానేటి సేసుకుంటాను? నాకేటి గెడ్డమా?" అన్నారు అత్తయ్య.

"నిన్న ఇక్కడే ఉన్నాది! కోడలా, నువ్వేటైనా చూసినావా?"

"నేను... ఈ రోజు చూడలేదు మావయ్యా" అన్నాను. అది అబద్ధం కాదు, చూడాలని ఎంత ప్రయత్నించినా కనపడలేదు కదా. పటిక లేకపోయేసరికి కత్తిగాటు దగ్గర నెత్తురు ఆగక, హిందీ పేపరు చింపి గెడ్డానికి మూడుచోట్ల అతికించుకుని, ఆ అవతారంతోనే దోస్తులకి ఎదురువెళ్లారు. అయిదుగురు వచ్చారు. ఫిల్టరు బాబాయి, క్రేనాయన, భట్టీవాళ్లు ఇద్దరు, మావయ్య ఎప్పుడూ "దాదా" అని పిలిచే బెంగాలీ ముసలాయన. మావయ్య గ్లాసుతో ఆ నీళ్లు అందరికీ ఎత్తి చూపించారు. పెద్దకొడుకుని చూపించినా అంత మురిసిపోయేవారు కాదేమో.

అత్తయ్య టీ పెట్టారు. నీళ్లు మరిగాయి, ఆకు వేశారు, పాలు పోశారు. పోసీపొయ్యగానే పాలు ముద్దలు ముద్దలుగా విడిపోయి, పైన పచ్చటి నీళ్లు తేలాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అత్తయ్యకి కోపం వచ్చింది. నాకు విషయం తెలిసింది.

"పాలవాడు!" అన్నారు ఆవిడ. అప్పుడే వీధిలో పక్కింటికి పాలు పోస్తున్న రావుత్ భయ్యాని గుమ్మంలోంచి నిలేశారు. "క్యా భయ్యా, బాసీ దూధ్ దియా? ఇంటినిండా పెద్దమనుషులుంటే నిలవపాలు పోసి పరువు తీసేసినావు కదా!" ఆవిడ కోపం వస్తే సగం హిందీ సగం తెలుగు, అవతలివాడికి మాత్రం అంతా అర్థమయ్యేది.

"అమ్మా, గాయ్ కీ కసమ్! అభీ దుహా హై" అని ఆయన రెండు చేతులూ చెవులకి పెట్టుకున్నాడు. ఇప్పుడే పితికిన పాలని, ఆవుమీద ఒట్టని. ఇంకో చెంబు పోశాడు. అత్తయ్య గిన్నె కడిగి మళ్లీ పెట్టారు. మళ్లీ విరిగింది.

మిగిలిన పాలు కూడా పారబొయ్యమన్నారు ఆవిడ. నా చేతులు ఒప్పుకోలేదు. ఆకు వెయ్యని ఆ పాలని ఆ నీళ్లతోనే విరగ్గొట్టేసి, గుడ్డలో వడగట్టి, పంచదార, ఏలకులపొడి కలిపి, దోస్తులు టీ ఏదని అడగకముందే ప్లేట్లలో పెట్టి పంపేశాను. (అంత భయంలోనూ ఈ బుద్ధి పోలేదు చూడండి.) వరండాలోంచి దాదా గొంతు, "బాహ్! ఛేనా! బౌమా బెంగాలీ నేర్చుకుందా ఏంటి?" అని. (విరిగిన పాలముద్దని వాళ్లు ఛేనా అంటారు, కోడలిని బౌమా.) రెండోసారి కూడా అడిగి పెట్టించుకున్నాడు.

కానీ అత్తయ్య అప్పటికి వరండాలోకి వచ్చి నిలబడ్డారు, చేతిలో విరిగిన టీ గిన్నెతోనే. అందరిముందూ గిన్నె వంచి చూపించారు. గొంతు గట్టిగా లేదు, అదే ఎక్కువ భయమేసింది నాకు. "చూడండి అన్నయ్యా. తెల్లగా ఉంటే మట్టి, తేటగా ఉంటే పాలు విరిగిపోతన్నాయి. ఇవి మంచినీళ్లు కాదు. పిల్లలు పుడతారు రేపు ఈ ఇంట్లో, వాళ్లకి ఈ నీళ్లేనా తాగిస్తాం? లారీ రానీండి." మావయ్య తల వంచుకున్నారు. గెడ్డం మీది పేపరుముక్కల్లో ఒకటి ఊడి ఒళ్లో పడింది. ఆయన దాన్ని తీసి మడతపెట్టడం మొదలుపెట్టారు, ఆ రోజు తాడు పేనినట్టే.

గుమ్మం వెనక నేను. నోరు మూసుకుంటే నాకు ఏ ఇబ్బందీ లేదు. పాలవాడు పోతాడు, బావి పోతుంది, గంగాళం అడుగున పటిక ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది, ఎవరికీ తెలియదు. నోరు తెరిస్తే మాత్రం మడిగంగాళంలో గెడ్డం రాయి వేసిన కోడలిని ఆవిడ మళ్లీ వంటింటి గడప తొక్కనివ్వరు. పైగా ఆ నీళ్లతో చేసిన ఛేనా అయిదుగురు పెద్దమనుషులు తింటున్నారు. ఎంతసేపు ఆలోచించానో తెలియదు. ఎక్కువసేపు కాదు, ఎందుకంటే దాదా ఇంకా నములుతూనే ఉన్నాడు.

"నీళ్ల తప్పు కాదత్తయ్యా. నా తప్పు" అన్నాను. "అందులో మావయ్య గెడ్డం పటిక పడింది."

వరండాలో నమలడం ఆగిపోయింది. ఒకరి తర్వాత ఒకరు ముందు ప్లేటు వైపు చూసి, తర్వాత మావయ్య చెంపల వైపు చూశారు. మావయ్య చెయ్యి తనంతట తానే గెడ్డం మీదికి వెళ్లింది. అత్తయ్య నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. ఆ ఇంట్లో అది నేను చూసిన మొదటిసారి, ఆఖరిసారి కూడా.

ముందు నవ్వింది ఫిల్టరు బాబాయి. నవ్వీ నవ్వీ కుర్చీ వెనక్కి పడబోతే క్రేనాయన పట్టుకున్నాడు. "ఏడు చుట్లమ్మా! ఏడు చుట్లన్నాను! ఎన్ని తిప్పినావు?"

"అయిదే బాబాయీ. ఆరోది తిప్పేలోపు మునిగిపోయింది."

"చెల్లెమ్మా, ముప్పయ్యేళ్లు మీరు క్వార్టర్లో తాగింది కూడా పటికనీళ్లే. కాకపోతే దాంతో మేం గెడ్డాలు గీసుకోలేదు, అంతే తేడా!"

అత్తయ్య నవ్వలేదు. "ఎవరి తప్పయినా పాలు విరిగినాయి. ఈ నీళ్లు మంచివని నానెలా నమ్మాలి?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. అప్పుడు గుర్తొచ్చింది నాకు మూలనున్న బిందె. "అదీ ఈ బావి నీళ్లే అత్తయ్యా. నిన్న తోడిందే. అందులో మా మామ్మ గింజ తప్ప ఇంకేటీ లేదు. దాంతో మీరే పెట్టండి."

పాలు అయిపోయాయి. రావుత్ భయ్యా అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు, వెళ్లమన్నా వెళ్లకుండా. ఆయన పరువూ గిన్నెలోనే ఉంది మరి. వేరే ఇళ్లకి ఇవ్వాల్సిన కేన్ మూత తీసి, "లో అమ్మా, యే భీ డాలో" అని పోశాడు. అత్తయ్య బిందెలో నీళ్లు తనే వంచారు, స్టవ్ తనే వెలిగించారు. ఆ చిన్న వంటింటి గుమ్మంలో అయిదుగురు రిటైరైన మగవాళ్లు, పాలవాడు, గోడమీంచి తొంగిచూస్తున్న దీదీ, అందరూ ఊపిరి బిగబట్టి ఆ గిన్నెనే చూస్తున్నారు. భట్టీలోంచి కరిగిన ఇనుము వదిలేముందు ఇలాగే నిలబడేవాళ్లమని తర్వాత మావయ్య చెప్పారు. నీళ్లు మరిగాయి. ఆకు దిగింది. పాలు పోశారు. టీ పొంగింది, ఎర్రగా, నున్నగా, ఒక్క పలుకు లేకుండా.

"దేఖా అమ్మా!" అని పాలవాడు ఒక్క అరుపు అరిచాడు. మావయ్య కళ్లు తుడుచుకున్నారు. పటిక లేక గెడ్డం మండుతోందని అన్నారు.

అత్తయ్య మొదటి గ్లాసు పాలవాడి చేతిలో పెట్టారు. రెండోది ఫిల్టరు బాబాయికి. అందరికీ అయ్యాక తను ఒక గుక్క తాగి, మా ఆయనతో, "ఆ లారీవాడికి రావద్దని చెప్పీరా" అన్నారు.  సాయంత్రం గంగాళం పెరట్లోకి లాగించి, చింతపండు నా ముందు పడేసి, "తోము. ఏడు చుట్లు. ఎనిమిదోది కూడా తిప్పు" అన్నారు. అంతే శిక్ష. మర్నాడు పొద్దున్న టీ పెట్టమని మొదటిసారి స్టవ్ నాకు వదిలేసి తను వెళ్లి తులసికోట దగ్గర కూర్చున్నారు. తోముతున్నప్పుడు గంగాళం అడుగున చింతగింజంత పటికపలుకు దొరికింది. మావయ్యకి తెచ్చిస్తే చొక్కాజేబులో వేసుకున్నారు.

తర్వాతి వారం అందరూ కలిసి బావి నీళ్లన్నీ తోడి, అడుగున ఉన్న తెల్లమట్టి పొర ఎత్తించి, ఫిల్టరు బాబాయి చెప్పినట్టు కింద ఇసక, పైన కంకర పరిచారు. చేదని నెమ్మదిగా దించమని క్రేనాయన గిలక దగ్గర నిలబడి అందరికీ నేర్పాడు. ఎత్తిన మట్టి దీదీ తట్టలతో మోసుకుపోయింది. మిగిలిన దాంతో, నా డాల్డా డబ్బాలోది కూడా కలిపి, మా పెరటిగోడ నేనే పూశాను. సున్నం కొనలేదు. నెమ్మదిగా నీళ్లు తేరుకున్నాయి. మావయ్య ఉన్నన్నాళ్లూ నేను టీ ఇచ్చినప్పుడల్లా గ్లాసులోకి తొంగిచూసి, "కోడలా, ఇందులో నా పటికేటీ లేదు కదా?" అని అడిగి గానీ తాగలేదు. చుట్టాలొస్తే పటిక తీసి ట్రంకుపెట్టెలో తాళం వేసేవారు.

ఇప్పుడు ఆ బావికి ఇనపజాలీ మూత ఉంది. వంటింట్లో గోడకి నీళ్ల మిషను ఉంది. అది మంచినీళ్లు ఇచ్చినన్ని నీళ్లూ పక్కగొట్టంలోంచి వదిలేస్తుంది. ఆ నీళ్లు నేను బకెట్లో పడతాను, గచ్చు తుడవడానికి. మొన్న మంగళవారం బకెట్ నిండాక గొట్టం తీసి, మళ్లీ తొట్టిలో పెట్టడం మర్చిపోయి, మిషను వెనక ఉన్న తీగల మీద వదిలేసి వెళ్లి పడుకున్నాను. లేచేసరికి మిషను ఆగిపోయింది. మా కోడలు, "యే తో ఖరాబ్ హో గయా మమ్మీ, పనికిరాని మిషను, కొత్తది తెచ్చేద్దాం" అని మెకానిక్కుకి ఫోను చేసింది. నేను సీరియల్ చూస్తున్నట్టు కూర్చున్నాను. నా మనవరాలు వచ్చి "నానమ్మా, గొట్టం ఎవరు తీశారు?" అంటే, "ఆడపిల్లవి, నీకెందుకే అన్నీ" అని కసిరాను.

మూడు రోజులైంది. మిషను ఎదురుగా కూర్చుంటే పెరట్లో జాలీ కింద బావి కనిపిస్తోంది. ఇరవయ్యేళ్ల వయసులో, ఎవరూ అండ లేని ఊళ్లో, అయిదుగురు పెద్దమనుషులముందు "నా తప్పు" అన్న ఆ పిల్ల ఎక్కడికి పోయిందా అని వెతుక్కుంటున్నాను. ఇల్లంతా నా మాటకి హడలి చచ్చే ఈ వయసులో, ఒక గొట్టం సంగతి ఒప్పుకోవడానికి నాకు నోరు రావడం లేదు. అందుకే రాశాను. మా కోడలు భిలాయిలోనే పుట్టి పెరిగింది, తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. ఆ ధైర్యంతోనే ఇక్కడిదాకా వచ్చాను.

మెకానిక్కు పదకొండింటికి వస్తానన్నాడట. ఇప్పుడు పది. టీ పెట్టి, కోడలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఈ కాగితాలు నేనే చదివి వినిపిస్తాను. నా అయిదో తరగతి చదువుకి గంట పడుతుంది, సరిపోతుంది.